టన్ను మెథనాల్‌కు పదివేల యూనిట్లు

మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి దగ్గర ఉన్న ఎన్టీపీసీ వింధ్యాచల్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 4,760 మెగావాట్లు. దేశంలో ఇంతకంటే పెద్దది లేదు. అక్కడ 2022లో ఒక పొగగొట్టం దగ్గర రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ప్లాంటు పెట్టారు. పట్టినదానికి హైడ్రోజన్ కలిపి రోజుకు 10 టన్నుల మెథనాల్ తీయాలన్నది లక్ష్యం.

20 టన్నులంటే ఎంత? కేంద్రం 80 శాతం సామర్థ్యంతో నడుస్తోందనుకుందాం. బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు 0.95 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గుణిస్తే సెకనుకు ఒక టన్ను తేలుతుంది. ఆ లెక్కన ప్లాంటు రోజంతా పట్టేది కేంద్రం 20 సెకన్లలో వదిలే వాయువుతో సమానం.

ప్రయోగం చిన్నదే అయినా దానితో పేచీ లేదు. పెద్దది చేస్తే ఖర్చెంత, గాలికి మేలెంత అన్నదే తేల్చుకోవాలి. అందుకు ఒక టన్ను మెథనాల్‌ను తీసుకుంటే చాలు.

కార్బన్ డయాక్సైడ్ అంటే ఒకసారి కాలిపోయిన కార్బన్. శక్తి విషయంలో అది పొయ్యిలో మిగిలిన బూడిదలాంటిది. దాన్ని మళ్లీ మండేలా చేయాలంటే శక్తినంతా బయటి నుంచే తెచ్చి పోయాలి, ఆ పని చేసేది హైడ్రోజన్. రసాయన సమీకరణం ప్రకారం టన్ను మెథనాల్‌కు 1.375 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 188 కిలోల హైడ్రోజన్ కావాలి. ఐస్‌లాండ్‌లో 2012 నుంచి ఉన్న జార్జ్ ఓలా ప్లాంటు సామర్థ్యం ఏటా 4,000 టన్నుల మెథనాల్, అందుకు వాడే వాయువు 5,500 టన్నులు. భాగించి చూస్తే సరిగ్గా 1.375. అక్కడి కరెంటు భూగర్భ వేడి నుంచి వస్తుంది కాబట్టి ఆ దేశం సంగతి వేరు.

నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. చిన్నాచితకా నష్టాలు కలుపుకుని 190 కిలోలకు పదివేల యూనిట్లు. చివరికి చేతికొచ్చే టన్ను మెథనాల్‌లో ఉండే శక్తి సుమారు 5,500 యూనిట్లు. దాదాపు సగం దారిలోనే పోయింది. దాన్ని ఇంజన్లో పోసి కారు నడిపితే 11,000 కిలోమీటర్లు వెళ్లొచ్చు. అవే పదివేల యూనిట్లు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోకి ఎక్కిస్తే, నష్టాలు పోనూ 50,000 కిలోమీటర్లు దాటుతుంది. కార్ల కోసం ఈ దారి పట్టడం దండగని నా అభిప్రాయం.

ఇక డబ్బు. యూనిట్ 4 రూపాయలకే దొరికినా కరెంటు బిల్లు ఒక్కటే 40,000. మామూలు మెథనాల్ ధర టన్నుకు 30,000 అటూఇటూ. అంటే యంత్రం కొనకముందే నష్టం. నిజానికి గ్రీన్ హైడ్రోజన్ అంత చౌకగానూ లేదు. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి 2025లో ఖరారైన ధర కిలో 397 రూపాయలు. ఆ లెక్కన 190 కిలోలకు 75,000 పైమాటే. పొగను పట్టే ఖర్చు టన్నుకు 5,000 అనుకుంటే మరో 7,000. మొత్తం 82,000. మెథనాల్ ప్లాంటు పెట్టుబడి, వడ్డీ, జీతాలు ఇందులో లేవు. ఖర్చులో తొంభై శాతం హైడ్రోజన్‌దేనని గమనించండి. పొగను ఎంత చౌకగా పట్టినా ఈ లెక్క పెద్దగా మారదు. మామూలు మెథనాల్‌తో పోటీపడాలంటే హైడ్రోజన్ కిలో 120 రూపాయలకు దిగాలి.

పర్యావరణం లెక్క ఇంకా కఠినం. మన గ్రిడ్ సగటు ఉద్గారం యూనిట్‌కు 0.7 కిలోల పైన. పదివేల యూనిట్లు గ్రిడ్ నుంచే తీసుకుంటే గాలిలోకి 7 టన్నులు చేరతాయి. దాదాపు ఒకటిన్నర టన్నును వాడుకోవడానికి ఏడు టన్నులు వదిలామన్నమాట! సోలార్ కరెంటు వాడితే ఏడు టన్నులు కాస్తా అర టన్ను లోపుకు దిగుతుంది. సహజవాయువుతో చేసే మెథనాల్ తయారీలోనూ మంటలోనూ కలిపి సుమారు 2 టన్నులు వదులుతుంది కాబట్టి, దాని స్థానంలో దీన్ని వాడితే 1.6 టన్నులు ఆదా. కానీ అదే సోలార్ కరెంటును నేరుగా గ్రిడ్‌కిచ్చి బొగ్గు కరెంటును తగ్గిస్తే ఆదా 9 టన్నులు. బొగ్గు కేంద్రం పక్కనే సోలార్ కరెంటుతో మెథనాల్ చేయడంలో నాకు కనిపించే తిరకాసు ఇదే.

మరి ఎవరికి కావాలిది? సముద్రాలు దాటే ఓడలకు, దూరం ఎగిరే విమానాలకు. వాటికి బ్యాటరీ బరువు కుదరదు. మెర్స్క్ కంపెనీ 2023లోనే మెథనాల్‌తో నడిచే కంటెయినర్ ఓడను దింపింది. ఆ కంపెనీకి మెథనాల్ అమ్మే డెన్మార్క్‌లోని కాసో ప్లాంటు 2025లో మొదలైంది. సామర్థ్యం ఏటా 42,000 టన్నులు, పక్కనే 304 మెగావాట్ల సోలార్ పార్కు. దానికి ఏడాది ముందే స్వీడన్‌లో ఓర్‌స్టెడ్ సంస్థ ఇలాంటి ప్లాంటునే నిర్మాణం మధ్యలో ఆపేసింది. మార్కెట్ అనుకున్నంత వేగంగా పెరగడం లేదన్నది వాళ్లు చెప్పిన కారణం.

మనకు దగ్గరి సంగతి పూడిమడక. అనకాపల్లి జిల్లాలోని ఈ ఊళ్లో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా పెట్టుబడి 1.85 లక్షల కోట్లు. ఎగుమతి కోసం తీసే ఉత్పత్తుల జాబితాలో గ్రీన్ మెథనాల్ ఉంది. కొనేది యూరప్ అయితే అక్కడి నిబంధన ఒకటి చూసుకోవాలి. కరెంటు కేంద్రాల్లో బొగ్గు, గ్యాస్ మండించగా పట్టిన కార్బన్‌తో చేసిన ఇంధనానికి 2036 నుంచి ఆ కార్బన్‌ను ఉద్గారాల లెక్కలోంచి తీసేసే మినహాయింపు దక్కదు. మిగతా పరిశ్రమల పొగకు 2040 చివరి వరకే గడువు. ఇప్పుడు కట్టే ప్లాంటు ఇరవై ఏళ్లయినా నడవాలి కదా.

గడువు బెడద లేని కార్బన్ ఇథనాల్ డిస్టిలరీల్లో ఉంది. ధాన్యం పులిసేటప్పుడు వచ్చే వాయువు దాదాపు శుద్ధమైనది, పట్టడం చౌక. రోజుకు లక్ష లీటర్ల డిస్టిలరీ 75 టన్నులు వదులుతుంది. వింధ్యాచల్ ప్లాంటు పట్టేదానికి దాదాపు నాలుగింతలు. దానితో 53 టన్నుల మెథనాల్ చేయొచ్చు. కావలసిన కరెంటు రోజుకు 5.3 లక్షల యూనిట్లు. అది సోలార్‌తోనే రావాలంటే డిస్టిలరీ పక్కన 90 మెగావాట్లకు పైగా పలకలు పరచాలి.