పంటికి సిమెంటు వేయించుకొన్న తరువాత కలిగే బాధ – కారణాలు, జాగ్రత్తలు

పిప్పిపన్నుకు సిమెంటు వేయించుకొని ఇంటికి వచ్చినవారికి మరునాడు ఉదయం కాఫీ త్రాగగానే ఆ పన్ను జివ్వుమనడం, భోజనం చేసేటప్పుడు కలుక్కుమనడం తరచుగా జరిగేదే. పని సరిగా జరగలేదేమోనన్న అనుమానం అప్పుడే మొదలవుతుంది. కొందరు కంగారుపడి, వేరొకచోటికి వెళ్లి పన్నునే తీయించివేసుకొంటారు. మరికొందరు, ముఖ్యంగా గృహిణులు, ఇంటిపనుల మధ్య తీరిక లేక నెలల తరబడి రెండవ ప్రక్కతోనే నములుతూ ఓర్చుకొంటారు. మొదటివారు నిలుపుకోదగిన పన్నును పోగొట్టుకొంటారు. రెండవవారు కొద్ది నిమిషాలలో సరిచేయదగిన లోపాన్ని ముదరబెట్టుకొంటారు. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే, ఓర్చుకోదగిన బాధ ఏదో, ఉపేక్షించరాని బాధ ఏదో గుర్తించగలగాలి.

పంటి నిర్మాణం

పంటి పైపొర అయిన ఎనామెల్ మన శరీరంలోని కణజాలాలన్నింటిలోనూ గట్టిది. దాని బరువులో నూటికి సుమారు 96 వంతులు ఖనిజ పదార్థమే. దానిలో నరాలు లేవు. దాని క్రింద ఉండే డెంటిన్ పొరలో ప్రతి చదరపు మిల్లీమీటరులోనూ వేలాది సూక్ష్మనాళాలు ఉంటాయి. వీటిలో ద్రవం నిండి ఉంటుంది. అన్నిటికంటె లోపల నరాలు, రక్తనాళాలతో కూడిన మెత్తని పల్ప్ ఉంటుంది.

చల్లని నీరో, తీపి పదార్థమో తగిలినప్పుడు నాళాలలోని ద్రవం కదులుతుంది. ఆ కదలిక పల్ప్‌లోని నరాలను తాకినప్పుడు మనకు జివ్వుమంటుంది. స్వీడన్ దేశపు దంతశాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960వ దశకంలో తన ప్రయోగాల ద్వారా బలపరచిన ఈ సిద్ధాంతాన్నే నేడు దంతవైద్యులు ఎక్కువగా అంగీకరిస్తున్నారు.

బాధకు కారణాలు

మొదటి కారణం చికిత్సలోనే ఉన్నది. పుచ్చిన భాగాన్ని తొలచినప్పుడు పుట్టే వేడి, గాలితో ఆరబెట్టడం వలన పల్ప్ కొంత వాస్తుంది. చేతికి దెబ్బ తగిలితే వాపు పైకి ఉబికే వీలున్నది. పల్ప్ చుట్టూ గట్టి గోడలున్నందున దానికి ఆ వీలు లేదు. అందువలన కొద్దిపాటి వాపు కూడా నొప్పిగా తెలుస్తుంది. పుచ్చు ఎంత లోతుకు పోతే ఈ బాధ అంత ఎక్కువగా ఉంటుంది.

రెండవ కారణం నింపిన పదార్థం. వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో కలిపి చేసే అమాల్గమ్ లోహమిశ్రమం. వేడి కాఫీని పింగాణీ కప్పులో పోస్తే చేయి ఓర్చుకొంటుంది, స్టీలు గ్లాసులో పోస్తే చుర్రుమంటుంది. పంటిలోని లోహం కూడా వేడిని, చల్లదనాన్ని అదేవిధంగా త్వరగా లోపలికి చేరవేస్తుంది. అందుకే లోతైన పుచ్చుకు వైద్యులు అడుగున రక్షణ పూత వేస్తారు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ధ్రువీకరించింది. నేడు పంటిరంగులో ఉండే కాంపోజిట్ వాడకం పెరిగింది. నీలికాంతితో గట్టిపడే ఈ పదార్థం గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. అంచున సన్నని సందు ఏర్పడితే, నమిలినప్పుడు నాళాలలోని ద్రవం కదిలి పన్ను జివ్వుమంటుంది. దీనిని తగ్గించడానికే వైద్యులు కాంపోజిట్‌ను పలుచని పొరలుగా వేస్తారు.

మూడవ కారణం మనవారు అంతగా ఎరుగనిది. అదే సిమెంటు ఎత్తుగా ఉండిపోవడం. పంటి వేరుకు, దవడ ఎముకకు మధ్య సుమారు మిల్లీమీటరులో ఐదవ వంతు మందం గల పొర ఒకటి ఉంటుంది. పన్నుపై పడే ఒత్తిడిని గ్రహించే ఈ పొర వెంట్రుకమందం తేడాను సైతం పసిగడుతుంది. సిమెంటు కొద్దిగా ఎత్తయినా నమిలిన ప్రతిసారీ దెబ్బ ఆ పన్నుకే తగులుతుంది. వైద్యుడు రంగుకాగితాన్ని కొరికించి పరీక్షించినప్పటికీ, మత్తు సూది వలన దవడ మొద్దుబారి ఉండడంతో మనం సరిగా కొరకలేము. మత్తు విడిపోవడానికి కొన్ని గంటలు పడుతుంది. తేడా మనకు తెలిసేది ఆ తరువాతనే.

ఏ బాధకు ఏమి చేయాలి?

చల్లదనానికో, తీపికో జివ్వుమని, అది తొలగించగానే కొన్ని క్షణాలలో తగ్గిపోతే భయపడనవసరం లేదు. సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో క్రమేణా తగ్గిపోతుంది. వారం వారం తగ్గుతున్నదా, లేదా అని గమనించుకోవాలి.

పళ్లు కలిపినప్పుడు ఆ పన్నే ముందుగా తగులుతూ, నమిలితే నొప్పి పెడుతుంటే రెండు మూడు రోజులకు మించి ఆగరాదు. వైద్యుడు ఎత్తును కొద్దిగా అరగదీస్తే చాలు. ఈ పనికి తరచుగా మత్తు సూది కూడా అవసరముండదు. “అదే అరిగి సర్దుకొంటుంది” అని కూర్చుంటే వేరు చుట్టూ నొప్పి పెరుగుతుంది. ఒక్కొక్కప్పుడు పన్ను బీటలు వారే ప్రమాదం కూడా ఉన్నది.

వేడి తగిలిన తరువాత నొప్పి నిమిషాల తరబడి నిలిచిపోవడం, కారణం లేకుండానే పోటు రావడం, రాత్రి పడుకొన్నప్పుడు ఎక్కువై నిద్ర పట్టకపోవడం పల్ప్ తిరిగి కోలుకోలేని స్థితికి చేరిందనడానికి సూచనలు. ఈ స్థితిలో కూడా రూట్ కెనాల్ చికిత్స ద్వారా చాలా సందర్భాలలో పన్నును నిలుపుకోవచ్చును. చిగురుపై చీముపొక్కు, ముఖం వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం కనిపిస్తే అదేరోజు వైద్యుని చూడాలి. మ్రింగడంలోనో, ఊపిరి తీసుకోవడంలోనో కష్టం కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మత్తు విడిచేవరకు ఏమీ నమలరాదు, వేడి పానీయాలు త్రాగరాదు. తెలియకుండా పెదవి, నాలుక కొరుక్కునే ప్రమాదం పిల్లలలో ఎక్కువ. అమాల్గమ్ వేయించుకొన్నవారు మొదటి 24 గంటలు ఆ ప్రక్కతో నమలకుండా ఉండడం మంచిది. కొద్ది రోజులు ఐస్‌క్రీము, మరీ వేడి కాఫీ, పులుపు మానుకోవాలి. మెత్తని బ్రష్షు, పొటాషియం నైట్రేటు కలిగిన టూత్‌పేస్టు ఉపకరిస్తాయి. అయితే ఆ పేస్టు ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఆస్పిరిన్ బిళ్లను పంటి ప్రక్కన అదిమి పెట్టుకొనే అలవాటు కొందరికి ఉన్నది. దాని వలన చిగుళ్లు కాలి పుండు పడుతుందే తప్ప నొప్పి తగ్గదు. లవంగనూనె మితిమీరినా ఇదే పరిస్థితి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని వాడడం కూడా తగదు. పల్ప్ వాపు వలన కలిగే నొప్పిని ఆ మందులు తగ్గించలేవు. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి, రక్తపోటు ఉన్నవారు నొప్పి మాత్రలను వైద్యుని అడిగిన తరువాతనే వేసుకోవాలి.

సిమెంటు వేయించుకొన్న తరువాత బాధ ఉన్నదని మళ్లీ వెళ్లి చెప్పడం వైద్యుని తప్పు పట్టడం కాదు. మత్తులో మనం చెప్పలేకపోయినదానిని చెప్పడమే. ఏది తగిలితే నొప్పి వస్తున్నది, ఎంతసేపు ఉంటున్నది, రాత్రి ఎక్కువవుతున్నదా అనే మూడు సంగతులు ఒక కాగితంపై వ్రాసుకొని వెళితే చికిత్స నిర్ణయించడం వైద్యునికి సులభమవుతుంది. శాశ్వత దంతం ఒకసారి పోతే మళ్లీ మొలవదు. కనుక తొందరపడి తీయించుకోనూ వద్దు, ఓర్చుకొని పాడుచేసుకోనూ వద్దు.