కదురు చెప్పిన చరిత్ర

చరిత్ర పాఠములలో రాజుల పేర్లను, యుద్ధముల సంవత్సరములను పిల్లలు కంఠస్థము చేయుదురు. ఆ రాజు కప్పుకొనిన కంబళిని నేసినదెవరో, దానికి నూలు వడకుటకు ఎన్ని దినములు పట్టెనో చెప్పు పాఠములు అరుదు. ఈ లోటును తీర్చుటకు ఉత్తర ఐరోపా దేశములలో కొందఱు ఒక వింత మార్గమును అవలంబించిరి. వారు పూర్వుల పనిముట్లను చేతబట్టి, పూర్వుల దుస్తులను తామే తయారుచేసికొని, వానిని ధరించి, చూడవచ్చిన వారి యెదుట పనిచేసి చూపుచున్నారు. వీరిని పూర్వజీవన ప్రదర్శకులు అనవచ్చును.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆర్థర్ హజేలియస్ 1891లో స్కాన్సెన్ అను ఆరుబయలు ప్రదర్శనశాలను స్థాపించెను. పాత ఇండ్లను తెచ్చి అక్కడ మఱల నిలిపి, వానిలో పాతకాలపు వేషములతో మనుష్యులు మెలగునట్లు ఏర్పాటు చేసెను. డెన్మార్కు దేశమున రోస్కిల్డె పట్టణ సమీపములో లైర అనుచోట హాన్స్ ఓలె హాన్సెన్ 1964లో మఱియొక అడుగు ముందుకు వేసెను. త్రవ్వకములలో బయల్పడిన ఆనవాళ్ళను బట్టి అక్కడ ఇనుపయుగపు పల్లె నొకదానిని నిర్మించి, పూర్వుల పనులను స్వయముగా చేసి పరీక్షించుటకు పూనుకొనిరి. ఆ దేశముననే ఆర్హుస్ నగరము చెంత, మోస్గోర్ వద్ద, వైకింగుల కాలమునాటి సంతను తలపించు వేసవి ఉత్సవము 1977లో ఆరంభమైనది.

ఇది నాటకము వంటిదే కదా యని తోచవచ్చును. నాటకమున దుస్తులు దూరమునుండి చూచువారికి ఒప్పిన చాలును. ఇచ్చట ఆ వెసులుబాటు లేదు. ఉన్ని ఆనాటిదానివంటిదే కావలెను. దారము ఆనాటి సాధనముతోనే వడకవలెను. కుట్టు సైతము ఆనాటిదే కావలెను. అప్పుడే ఆ వస్త్రము తన కథను చెప్పును.

డెన్మార్కులోని ఎగ్ట్‌వెడ్ గ్రామము వద్ద 1921లో ఒక పురాతన సమాధి దిబ్బను త్రవ్వగా, ఓక్ మ్రానును తొలిచి చేసిన శవపేటిక బయల్పడినది. అందు పదునారు, పదునెనిమిది ఏండ్ల నడుమ వయస్సుగల ఒక బాలిక అవశేషములుండెను. ఆ మ్రానులోని వలయములను లెక్కించి, ఆమెను క్రీస్తుపూర్వము 1370వ సంవత్సరమున ఖననము చేసిరని పండితులు నిర్ణయించిరి. ఎముకలు కరిగిపోయినవి గాని, ఆమె ధరించిన పొట్టి చేతుల ఉన్ని రవిక, ఉన్ని త్రాళ్ళను వరుసగా వ్రేలాడదీసి చేసిన పావడ, నడుమున కంచు బిళ్ళ మిగిలినవి. నేడవి కోపెన్‌హేగన్‌లోని జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నవి. ఆ పావడ నడచునప్పుడు ఎట్లు కదలునో, చలిగాలిని ఎంతవఱకు ఆపునో అద్దాల బీరువా చెప్పజాలదు. అటువంటి పావడను నేసి, ధరించి, నడచి చూచినవారే చెప్పగలరు.

నేయవలెనన్నచో ముందు గొఱ్ఱె కావలెను. నేటి మిల్లులకై పెంచు గొఱ్ఱెల ఉన్ని తెల్లగా, ఒకే తీరుగా నుండును. నార్వేలోని స్పెల్‌సౌ వంటి ప్రాచీన జాతుల గొఱ్ఱెలకు రెండు పొరల ఉన్ని కలదు. పైపొర వెండ్రుకలు పొడవుగను, గట్టిగను ఉండును. లోపొర మెత్తగను, వెచ్చగను ఉండును. పైపొరతో బిగువైన పడుగును, లోపొరతో మెత్తని పేకను సిద్ధపఱచుకొనవచ్చును. ఇట్టి ప్రాచీన జాతులలో కొన్నింటికి వేసవి ఆరంభమున ఉన్ని తానై వదులగును. కత్తెర లేకయే దానిని చేతితో పెఱికి తీయవచ్చును.

తరువాత కదురు. ఒక పుల్ల, దాని క్రింద మట్టితోనో ఱాతితోనో చేసిన చిన్న బిళ్ళ: పనిముట్టు ఇంతియే. బిళ్ళ బరువును బట్టి దారము సన్నమో, లావో అగును. చూడవచ్చిన పిల్లల చేతికి ప్రదర్శకులు కదురు నిచ్చిన యెడల, దారము జానెడు సాగకముందే తెగిపోవును. అప్పుడు గాని ఆ పిల్లలకు ఒక చొక్కా విలువ తెలియదు. కదురుతో వడకుటకు పట్టు కాలము నేయుటకు పట్టు కాలముకంటె ఎన్నో రెట్లు హెచ్చు.

ఇక మగ్గము. ప్రాచీన నివాసముల త్రవ్వకములలో చిల్లులు గల మట్టి గుండ్లు వరుసలుగా దొరకుచుండెను. గోడకు వాల్చిన నిలువు మగ్గమున, పడుగు దారములను బిగువుగా నిలుపుటకు వ్రేలాడదీసిన బరువులవి. కాని నేత వచ్చినవారి కదలికలు ఎట్టివో ఆ గుండ్లు చెప్పవు. నార్వే దేశపు విదుషీమణి మార్తా హాఫ్‌మన్ దీనికి సమాధానమును మట్టిలో గాక మనుష్యులలో వెదకెను. పశ్చిమ నార్వే పల్లెలలోను, ఉత్తరమున సామీ జాతివారిలోను అట్టి మగ్గముపై నేయుట ఎఱిగిన స్త్రీలు ఇరువదవ శతాబ్దమున ఇంకను మిగిలియుండిరి. వారి పనిని పరిశీలించి, ఆమె 1964లో ఆ మగ్గమును గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. నేటి ప్రదర్శకుల నేతకు ఆ స్త్రీల చేతివాటము ఆధారమైనది.

రంగుల విషయమున సైతము ఒక భ్రమ తొలగినది. హుల్డ్రెమోసె అను బురదనేలలో 1879లో ఒక స్త్రీ దేహము, గళ్ళ పావడతోను, ఉన్ని ఉత్తరీయముతోను దొరకినది. అవి గోధుమవన్నెగా కనబడుటచే పూర్వులు రంగులెఱుగరని తలచుట సహజమే. రసాయనిక పరీక్షలు జరుపగా పావడ మొదట నీలమనియు, ఉత్తరీయము ఎఱుపనియు తేలినది. ఆ రంగును మార్చినది బురదనీరు. ఐరోపావారు నీలమునకు వాడిన వోడ్ అను మొక్కలో మన నీలిమందులోని రంగే కలదు. ఎఱుపునకు వాడిన మాడర్ మన మంజిష్ఠకు దగ్గఱి చుట్టము.

రోస్కిల్డె ఉపసముద్రమున 1962లో ఐదు వైకింగు నావలను వెలికితీసిరి. వానివంటి నావలను మఱల నిర్మించినవారికి తెరచాప సమస్య ఎదురైనది. ఆనాటి చాపలకు ఉన్ని వాడిరి. గాలి దూఱిపోకుండ ఆ బట్టకు క్రొవ్వు మొదలగువానిని పట్టించిరి. ఒక పెద్ద చాపకు లెక్కకు మిక్కిలి గొఱ్ఱెల ఉన్ని, ఎందఱో స్త్రీల యేండ్ల శ్రమ కావలసియుండెను. వైకింగుల సాహసములు చదువు విద్యార్థి, ఆ నావలను నడపిన గాలిని పట్టినది కదురు త్రిప్పిన చేతులేయని గ్రహింపవలెను.

ఈ కథ తెలుగువారికి దూరమైనది కాదు. తెలంగాణమున కురుమలు, రాయలసీమలో కురుబలు నల్లని దక్కనీ గొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడకి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై గొంగళ్ళు నేయుచు వచ్చిరి. కాపరికి అది వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పక్క. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ యని మనము నిత్యము వాడుచుందుము. సామెత నిలిచినది గాని, గొంగళి సన్నగిలినది. మాంసమునకై పెంచు ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు పెరిగి, దక్కనీ మందలు తఱిగినవి. మిల్లు కంబళ్ళు చౌకగా దొరకుచున్నవి. వడకు చేతులు, నేయు చేతులు వృద్ధాప్యమున పడినవి.

ఐరోపావారు చేజాఱిన విద్యను సమాధులనుండియు, బురదనేలలనుండియు ఏఱుకొనవలసివచ్చెను. మనకింకను ఆ విద్య ఎఱిగినవారు ఉన్నారు. గొంగడి నేయు వృద్ధుని, ఉన్ని వడకు అవ్వను బడికి పిలిచి, పిల్లల యెదుట గౌరవముగా కూర్చుండబెట్టుటకు పెద్ద ధనము అక్కఱలేదు. పిల్లలు కదురు పట్టి చూతురు, దారము తెగును, అవ్వ నవ్వి దానిని మఱల అతుకును. ప్రతి పనిముట్టును ఆమె ఏ పేరుతో పిలుచునో విని, ఆ మాటను ఆమె నోట వచ్చినట్లే పుస్తకమున వ్రాసికొనుట మఱవరాదు. మార్తా హాఫ్‌మన్ నార్వే పల్లెలలో మొదలుపెట్టిన పని కూడ, నేయుచున్నవారి చెంత కూర్చుండి, చూచి, అడిగి వ్రాసికొనుటయే.