చేవెళ్ళ, మొయినాబాదు మండలాల వారసత్వ సంపద

చేవెళ్ళ, మొయినాబాదు తెలంగాణ రాష్ట్రములోని రంగారెడ్డి జిల్లాకు చెందిన ఇరుగుపొరుగు మండలములు. హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్ళే జాతీయ రహదారి ఈ రెండింటి గుండా పోతున్నది. ఈ ప్రాంతపు వారసత్వ సంపదలో ముఖ్యమైన భాగము ప్రదర్శనశాల అద్దాల వెనుక లేదు. అది రోడ్డు ప్రక్కన చెట్ల రూపములోను, చెరువు తూము గోడలోని రాళ్ళ రూపములోను, వృద్ధుల జ్ఞాపకాలలోను ఉన్నది. అందువలన దానిని గుర్తించి కాపాడే బాధ్యత పురావస్తు శాఖ కంటె ముందుగా స్థానిక ప్రజలదే అగుచున్నది.

సాముదాయిక ప్రదర్శనశాల అనగా

సాధారణముగా ప్రదర్శనశాలలో వస్తువులను వాటి స్థలము నుండి తెచ్చి ఒక భవనములో ఉంచుతారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో 1930లో ఏర్పడిన రాష్ట్ర ప్రదర్శనశాల ఇటువంటిది. సాముదాయిక ప్రదర్శనశాల పద్ధతి వేరు. ఇందులో ఊరే ప్రదర్శనశాల, ఊరివారే సంరక్షకులు. వస్తువు ఉన్నచోటనే ఉంటుంది, దాని కథ చెప్పేవారు ఆ ఊరివారే. ఫ్రాన్సు దేశములో 1971లో "ఎకోమ్యూజియం" అను పదము పుట్టిన తరువాత ఈ భావన ఇతర దేశాలకు వ్యాపించినది.

ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవము, మే 18న అంతర్జాతీయ ప్రదర్శనశాలల దినోత్సవము జరుపుతారు. రెండవది 1977లో మొదలైనది. ఈ రెండు దినములు మనకు ఎండాకాలములోనే వస్తాయి. బడులకు సెలవులు ఉండే ఈ కాలము పిల్లలకు వారసత్వ శిక్షణ ఇచ్చుటకు అనుకూలమైనది.

ఎనికెపల్లి జైన స్తంభములు

మొయినాబాదు మండలములోని ఎనికెపల్లిలో చెరువు తూముకు అమర్చి ఉన్న రెండు చతురస్రాకారపు స్తంభములను పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి 2023లో పరిశీలించి, ఇవి క్రీ.శ. 9-10 శతాబ్దాలకు చెందిన జైన స్తంభములని తెలిపెను. ఒకటి గ్రానైటు రాయి, మరొకటి నల్లరాయి. నాలుగు వైపుల ధ్యానముద్రలో కూర్చున్న నలుగురు తీర్థంకరులు చెక్కబడి ఉన్నారు. వీరు ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు. స్తంభములపై తెలుగు-కన్నడ లిపిలో శాసనములు కలవు. కొంత భాగము గోడలో ఉండిపోవుటచే వాటిని పూర్తిగా చదువుట సాధ్యము కాలేదు. చదువగలిగిన భాగములో చిలుకూరు జైన బసది ప్రస్తావన ఉన్నది.

నేడు చిలుకూరు అనగానే అందరికీ బాలాజీ ఆలయమే గుర్తుకు వస్తుంది. వెయ్యేండ్ల క్రిందట అక్కడ జైన బసది ఉండెనని చెప్పే సాక్ష్యము ప్రక్క ఊరి చెరువు తూములో నిలిచి ఉన్నది. పాడుబడిన కట్టడముల రాళ్ళను తూములకు, అలుగులకు, గోడలకు వాడుకొనుట మన పల్లెలలో పూర్వము నుండి ఉన్నదే. అట్లు వాడినందువలననే కొన్ని రాళ్ళు నేటికీ మిగిలినవి. అయితే తూము మరమ్మతు చేసేవారికి ఆ రాయి విలువ తెలియకపోతే అది ఒక్క రోజులో కనుమరుగు కాగలదు.

చేవెళ్ళ మర్రిచెట్లు

పోలీసు అకాడమీ కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల రహదారికి ఇరువైపుల తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు కలవు. నిజాము కాలములో బాటసారుల నీడ కొరకు నాటిన చెట్లు ఇవి. మర్రిపండ్లు పక్షులకు, గబ్బిలములకు ఆహారము.

రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే ప్రణాళిక వలన ఈ చెట్లకు ప్రమాదము ఏర్పడినది. ప్రకృతి ప్రేమికులు చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించి, వాటి స్థానములను నమోదు చేసి, 2021లో జాతీయ హరిత ట్రిబ్యునలును ఆశ్రయించారు. చెట్ల క్రింద నడకలు జరిపి ప్రజలకు వాటి విలువ తెలిపారు. పనులు నిలిచిపోయినవి. చివరకు అత్యధిక భాగము చెట్లను ఉన్నచోటనే ఉంచి, కొన్నింటిని వేరొక చోటికి తరలించి నాటుటకు ఇరుపక్షముల మధ్య అంగీకారము కుదిరి, 2025 అక్టోబరు చివరలో అడ్డంకి తొలగినది.

ఆ తరువాత కొద్ది రోజులకే, 2025 నవంబరు 3న, ఇదే రహదారిపై మీర్జాగూడ వద్ద కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది మరణించారు. ఇరుకు రోడ్డు వలన కలిగే ప్రాణనష్టము ఎంత నిజమో, చెట్లు పోతే కలిగే నష్టము కూడ అంత నిజము. రోడ్డు వెడల్పు కావలెను, చెట్లు కూడ నిలువవలెను. తరలింపవలసిన చెట్టు ఏదో, మార్గము జరిపి కాపాడదగిన చెట్టు ఏదో తేల్చుటకు చెట్టు చెట్టుకు గల వివరములే ఆధారము. ఆ వివరములు సేకరించుట సామాన్యులు కూడ చేయగల పని.

వేసవిలో నేర్పదగిన పనులు

* '''శాసనపు నకలు తీయుట''': పురావస్తు శాఖ అనుమతితో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మాత్రమే చేయవలెను. వేసవిలో నీరు తగ్గినప్పుడు తూము రాళ్ళు బయటపడతాయి. రాతిని నీటితో కడిగి, తడిపిన కాగితమును పరచి, గట్టి బ్రష్షుతో మెల్లగా కొడతారు. కాగితము అక్షరాల గుంటలలోనికి దిగుతుంది. పైన సిరా అద్దగా ఉపరితలము నల్లబడి, అక్షరాలు తెల్లగా మిగులుతాయి. ఎండకు కాగితము త్వరగా ఆరిపోవును గనుక ఉదయమే మొదలుపెట్టుట మంచిది. రాతిపై సుద్ద, నూనె, రంగు పూయరాదు.
* '''చెట్ల నమోదు''': నేల నుండి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత తీయుట వాడుక. మర్రికి ఊడలు నేలకు దిగి మానులుగా మారును గనుక వాటిని వేరుగా కొలిచి వ్రాయవలెను.
* '''వృద్ధుల జ్ఞాపకముల సేకరణ''': ఈ జిల్లాకు పేరునిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి (1890-1970) మొయినాబాదు మండలములోని పెద్దమంగళారములో జన్మించెను. జిల్లా ఏర్పడినది 1978లో. విద్యార్థి తన జిల్లా పేరు నుండే ఈ సేకరణ ప్రారంభింపవచ్చును.

భూమిలో నాణెములు, విగ్రహములు దొరికినచో 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను.

పోలిక

మహబూబునగరు వద్ద సుమారు 700 ఏండ్ల పిల్లలమర్రి, దాని చెంతనే పురావస్తు ప్రదర్శనశాల ఉన్నవి. 2018లో చెద పట్టిన ఆ చెట్టుకు సెలైను సీసాల ద్వారా మందు ఎక్కించి చికిత్స చేశారు. చెట్టు, శిల్పము ఒకేచోట కాపాడబడుటకు ఇది మన రాష్ట్రములోనే ఉన్న ఉదాహరణ. చేవెళ్ళ, మొయినాబాదులలోను ఇవి రెండూ ఉన్నవి. కొరవడినది వాటిని చూపించి చెప్పే స్థిరమైన ఏర్పాటు.

ఇవి కూడా చూడండి

* పిల్లలమర్రి
* తిమ్మమ్మ మర్రిమాను
* మృగవని జాతీయ వనము
* ఉస్మాన్ సాగర్