పైకి బాగున్న క్లస్టరును రోజూ ఎందుకు పరీక్షించాలి?

"అన్నా, మీరు ఆఫీసులో రోజంతా ఏం చేస్తారు?" అని హాస్టలుకు వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు అడుగుతుంటారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే చదువుకుని, ప్రస్తుతం డేటా సెంటర్లలో స్టోరేజి పని చేస్తున్నాం. ఒక్క మాటలో తేలే జవాబు కాదు కనుక, మా పనిలో ఒక భాగాన్ని, అనగా స్టోరేజి క్లస్టరు ఆరోగ్యాన్ని స్క్రిప్టులతో పరీక్షించడాన్ని, ఈ వార్షికోత్సవ సంచికలో వివరిస్తాం.

పూర్వం ఒక పనికి ఒక సర్వరు ఉండేది. ఇప్పుడు ఒకే సర్వరులో పది, ఇరవై వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. వాటికి కనిపించే డిస్కులు నిజమైన డిస్కులు కావు. నాలుగైదు సర్వర్లలోని అసలు డిస్కులన్నింటినీ ఒక సాఫ్ట్‌వేరు ఒకే గాదెగా కలిపి, అందులోంచి ఒక్కో మెషీనుకు వాటా పంచుతుంది. దీనినే స్టోరేజి క్లస్టరు అంటాం. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. మేము 'సెఫ్'ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రజ్‌లో సేజ్ వైల్ అనే విద్యార్థి చేసిన పిహెచ్.డి. పరిశోధనలో ఇది పుట్టింది. 2006లో దీనిపై పరిశోధనా పత్రం వెలువడింది. ఇది ఓపెన్ సోర్సు. రూపాయి కట్టకుండా ఎవరైనా దించుకుని నేర్చుకోవచ్చు. మేము దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

సెఫ్ మామూలుగా ప్రతి సమాచారాన్నీ మూడు ప్రతులుగా, మూడు వేర్వేరు సర్వర్లలో దాస్తుంది. ఒక డిస్కు చెడిపోయిందనుకోండి. సుమారు 20 సెకన్లపాటు అది పలకకపోతే తోటి డిస్కులు మానిటర్లకు ఫిర్యాదు చేస్తాయి. మానిటర్లు దాన్ని 'డౌన్' అని రాసుకుంటాయి. 10 నిమిషాలు చూసి, అప్పటికీ రాకపోతే 'ఔట్' చేసి, మిగిలిన రెండు ప్రతుల సాయంతో మూడోదాన్ని ఇంకోచోట తయారుచేయిస్తాయి. ఇదంతా జరుగుతున్నా కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి ఏమీ తెలియదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పాత రోజుల్లో డిస్కు పోతే పని ఆగేది, అందరూ కేకలు వేసేవారు, బాగుచేసేవాడికి తెలిసేది. క్లస్టరులో దెబ్బ పైకి కనపడదు. మన మెస్సులో ముగ్గురు వంటవాళ్ళుంటే ఒకరు రాకపోయినా అన్నం వేళకు వస్తుంది. వారం రోజులు రాకపోయినా పిల్లలకు తెలియదు. రెండో మనిషికీ జ్వరం వచ్చిన రోజే సంగతి బయటపడుతుంది. సెఫ్ కూడా అంతే. ఏదైనా సమాచారానికి ఒకే ప్రతి మిగిలితే ఆ భాగంపై రాయడం, చదవడం రెండూ ఆపేస్తుంది. ఆ చివరిదీ పోతే ఇక అంతే సంగతులు. అందులో ఉన్నది ఎవరి ఆసుపత్రి రిపోర్టో, మీలో ఒకరి స్కాలర్‌షిప్ దరఖాస్తో కావచ్చు. అన్నం వచ్చిందా అని కాకుండా, వంటవాళ్ళు ఎందరు వచ్చారని అడగడమే మా స్క్రిప్టుల పని.

స్క్రిప్టు అంటే పెద్ద ప్రోగ్రామేమీ కాదు. మనం చేత్తో టైపు చేసే ఆదేశాలను ఒక ఫైలులో వరుసగా రాసి, ప్రతి ఐదు నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా పెడతాం. 'ఎలా ఉన్నావు?' అని అడిగితే సెఫ్ మూడు జవాబుల్లో ఒకటి చెబుతుంది: హెల్త్ ఓకే, హెల్త్ వార్న్, హెల్త్ ఎర్. కొత్తవాళ్ళు ఈ ఒక్క మాట చూసి ఊరుకుంటారు. అది చాలదు.

ఒక లెక్క చేసి చూడండి. నాలుగు సర్వర్లు, ఒక్కొక్కటి 10 టెరాబైట్లు. మొత్తం 40. అందులో 80 శాతం, అంటే 32 టెరాబైట్లు నిండాయి. ఏ డిస్కయినా 85 శాతం దాటితేనే సెఫ్ హెచ్చరిస్తుంది కనుక ఇప్పుడు 'ఓకే' అనే అంటుంది. ఈ రాత్రి ఒక సర్వరు పోతే? మిగిలిన చోటు 30 టెరాబైట్లు, సర్దాల్సిన సరుకు 32. ఎక్కడ పెడతారు? డిస్కులు 90 శాతానికి చేరితే ప్రతుల పునర్నిర్మాణం ఆగుతుంది, 95కు చేరితే కొత్తగా రాయడమే ఆగుతుంది. ఒక సర్వరు పోయాక కూడా 85 లోపే ఉండాలంటే మొదట 25.5 టెరాబైట్లకు, అంటే సుమారు 63 శాతానికి మించి నింపకూడదు. ఈ హద్దును సెఫ్ చెప్పదు. మన స్క్రిప్టే లెక్కకట్టి చెప్పాలి. మా దృష్టిలో అన్నిటికంటే ముందు రాయాల్సిన పరీక్ష ఇదే.

రెండోది, అలవాటైపోయిన హెచ్చరిక. సర్వరు మరమ్మతు చేసేటప్పుడు డిస్కులను 'ఔట్' చేయవద్దని 'నో ఔట్' అనే గుర్తు పెడతారు. పని అయ్యాక తీయడం మరిచిపోతే, ఆ తర్వాత డిస్కు చెడినా కొత్త ప్రతి తయారు కాదు. తెర మీద 'వార్న్' ఉంటుంది నిజమే. కాని హెచ్చరిక ఒకటున్నా ఐదున్నా మాట అదే. రోజూ చూసేవాడికి అది గోడమీది రంగులా అయిపోతుంది. కనుక స్క్రిప్టు ఆ ఒక్క మాట కాక, వివరాలు అడిగి ప్రతి హెచ్చరిక పేరునూ నిన్నటి జాబితాతో పోల్చాలి. 2020లో వచ్చిన ఆక్టోపస్ వెర్షను నుంచి హెచ్చరికల నోరు మూయించే సదుపాయం కూడా ఉంది. వేటి నోరు మూసి ఉందో అదీ చూడాలి.

మానిటర్లలో సగానికి మించి బతికున్నాయా, వాటి గడియారాల మధ్య తేడా 0.05 సెకను దాటిందా, వారానికోసారి జరగాల్సిన లోతు తనిఖీ వెనకబడిందా అన్నవి సెఫ్ తానే చెబుతుంది. అడిగి రాసుకుంటే చాలు.

మరి స్క్రిప్టే ఆగిపోతే? మానిటర్లలో మెజారిటీ పోతే సెఫ్ జవాబే ఇవ్వదు. స్క్రిప్టు ఎదురుచూస్తూ అక్కడే కూర్చుంటుంది. ఏ సందేశమూ రాదు, అంతా బాగుందని మనం నిద్రపోతాం. అందుకని 20 సెకన్ల గడువు పెట్టి, దాటితే 'తెలియదు' అని సందేశం పంపించాలి. 'తెలియదు'ను ఎన్నడూ 'బాగుంది' కింద జమకట్టకూడదు. స్క్రిప్టును అదే క్లస్టరులోని వర్చువల్ మెషీనులో పెట్టడమూ తెలివితక్కువే. గాదె కాలితే కాపలావాడూ కాలిపోతాడు. బయట వేరే కంప్యూటరులో ఉంచి, రోజూ ఉదయం 'నేను పనిచేస్తున్నాను' అని ఒక సందేశం పంపేలా చేయాలి. అది రాకపోవడమే హెచ్చరిక.

నేర్చుకోదలచిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు 16 జీబీ మెమరీ ఉన్న ఒక్క కంప్యూటరు చాలు. లైనక్సు, బాష్ కాస్త వచ్చాక వర్చువల్‌బాక్సులో మూడు చిన్న మెషీన్లు పెట్టి సెఫ్ ఎక్కించండి. ఒక్కోదానికి రెండేసి చిన్న డిస్కులు ఇవ్వండి. ఒక్కటే ఇస్తే, అది చెడినప్పుడు మూడో ప్రతికి చోటుండదు. తర్వాత ఒక డిస్కు సర్వీసును ఆపి, చేతిగడియారం పెట్టుకుని 10 నిమిషాలూ స్క్రిప్టు ఏం చెబుతుందో నోటుబుక్కులో రాసుకోండి.