అడవిలో వెలుగు

కారడవిని వర్ణించేటప్పుడు దానిని సూర్యకిరణాలు చొరరాని చోటుగా పేర్కొనడం మన ప్రాచీన కవులకు పరిపాటి. ఆ అతిశయోక్తిలో ఒక సత్యం ఇమిడి ఉంది. చిటారు కొమ్మలపై పడిన ఎండలో కొంత భాగమే నేలకు చేరుతుంది. ఆ భాగం ఎంత అన్నదానిపై అడవిలోని జీవకోటి మనుగడ ఆధారపడి ఉంటుంది.

ఇందుకు నల్లమల చక్కని ఉదాహరణ. నాగర్‌కర్నూలు, నల్గొండ జిల్లాలలో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఈ అడవిలోనిదే. దాని వైశాల్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. నేలకు తగిన వెలుగు అందితే గడ్డి మొలుస్తుంది. గడ్డి ఉంటే దుప్పులు, దుప్పులు ఉంటే పులులు మనగలుగుతాయి. వెలుగు మితిమీరితే నేల త్వరగా ఆరిపోయి, వేసవిలో ఎండుగడ్డి కార్చిచ్చుకు ఆహుతి అవుతుంది. అటవీ ఫలసాయంపై ఆధారపడిన చెంచుల జీవనమూ దీనితో ముడిపడినదే.

నేలపై ఉంచిన కాంతిమాపకం తానున్న చోటి సంగతినే తెలుపుతుంది. విశాలమైన అడవి నంతటినీ పరిశీలించడానికి లైడార్ అనే సాధనం తోడ్పడుతుంది. విమానం నుండి ఇది క్షణక్షణం వేలాది లేజర్ మెరుపులను కిందికి పంపుతుంది. ఒకే మెరుపులో కొంత కొమ్మలను, కొంత ఆకులను, మిగిలినది సందుల గుండా నేలను తాకి వెనుదిరుగుతుంది. కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు కనుక, తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నేలకు చేరిన మెరుపులు ఎక్కువైతే ఆకుల పందిరి పలుచన అనీ, తక్కువైతే దట్టమనీ గ్రహిస్తారు. ఈ కొలతలతో కంప్యూటర్ అడవి నమూనాను నిర్మించి, సూర్యగమనాన్ని దానికి జోడించి, ఏ వేళ ఏ చోట ఎంత ఎండ పడుతుందో గణిస్తుంది.

అయితే లేజర్ దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది; ఎండ ఎక్కువ వేళల్లో ఏటవాలుగా పడుతుంది. కనుక ఈ అంచనాలను నేలపై తీసిన కొలతలతో సరిచూడాలి. పైగా నల్లమల ఆకురాల్చే అడవి. శ్రావణంలో దట్టంగా ఉన్న టేకు, మద్ది చెట్లు ఫాల్గుణం నాటికి మోడువారుతాయి. ఒక్క ఋతువులోనే కొలిస్తే నిండైన అడవి కూడా పలుచనిదిగా తోచవచ్చు.

2021లో కేంద్ర ప్రభుత్వం పది రాష్ట్రాల అటవీ ప్రాంతాలకు సంబంధించిన లైడార్ సర్వే నివేదికలను విడుదల చేసింది. అడవిలోనే నీటిని, మేతను పెంపొందించడం వాటి లక్ష్యం. మేతకు నీటితో పాటు వెలుగూ అవసరమే. ఖాళీగా కనిపించిన ప్రతి చోటా మొక్కలు నాటడం అడవికి మేలు చేయదు. ఆ ఖాళీ దుప్పుల మేతకు ఆధారమైన వెలుగు మడి కావచ్చు. ఎక్కడ నాటాలో, ఎక్కడ విడిచిపెట్టాలో తెలుసుకోవడానికే ఈ కొలత.