మొరాయించే అవుట్‌బోర్డ్ మోటారు: అపోహలు – వాస్తవాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఒడ్డున ఉన్న మోటారు తెప్పలు జూన్ మధ్యలో మళ్ళీ అలల మీదికి వెళ్తాయి. అవుట్‌బోర్డ్ మోటార్లు మొరాయించడానికి అంతకంటే అనువైన సమయం లేదు. తాడు లాగి లాగి చేతులు పడిపోతే గాని స్టార్టవదు, అయినా మిస్సింగ్ కొడుతుంది, నాలుగు అలలు దాటేసరికి బలం తగ్గిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా చెబుతారు. వాటిలో కొన్ని జేబుకు చిల్లు పెడతాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

మోటారు సరిగా నడవనప్పుడు లోపం చాలాసార్లు ఇంజను లోపల ఉండదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న దారిలోనో, ప్లగ్గు దగ్గరో ఉంటుంది. పైసా ఖర్చు లేని చోట మొదలుపెట్టి ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోవాలి. ఇంజను విప్పడం ఆఖరి పని.

అపోహ: బాగా స్టార్టయి కాసేపటికి ఆగిపోతోందంటే ఇంజను పట్టేస్తున్నట్టే.

వాస్తవం: ముందు ట్యాంకు మూత చూడండి. దాని మీద గాలి వెళ్ళడానికి చిన్న మర ఉంటుంది. ఒడ్డున పెట్రోలు ఒలక్కుండా దాన్ని బిగిస్తారు, బయల్దేరేటప్పుడు వదులు చేయడం మరచిపోతారు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే ఇంధన పంపు లాగలేదు. కొద్ది నిమిషాలు నడిచి ఆగుతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది. మూత తిప్పగానే 'స్‌స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే.

తర్వాత పైపు మధ్యలోని రబ్బరు బల్బు. దాని మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. బల్బును నిలువుగా పట్టుకుని నొక్కితే నాలుగైదు నొక్కులకు గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉందంటే ఎక్కడో గాలి దూరుతోంది. పైపు చివరి కనెక్టర్‌లోని ఓ-రింగ్ అరిగి ఉండొచ్చు, క్లిప్పు వదులై ఉండొచ్చు, బల్బు వాల్వే పోయి ఉండొచ్చు. ఇంజను నడుస్తుండగా బల్బు దానంతటదే చప్పబడిపోతే ట్యాంకు వైపు ఏదో అడ్డుపడిందని అర్థం. మోటారు నీరసించే క్షణంలో ఒకరు బల్బు నొక్కితే వెంటనే పుంజుకుందా? అయితే లోపం ట్యాంకుకూ ఇంధన పంపుకూ మధ్యే ఉంది, లేదా పంపు పొరే చిరిగింది. అయినా పుంజుకోకపోతే కార్బొరేటర్, ప్లగ్గుల వైపు వెళ్ళాలి.

అపోహ: పెట్రోలు పెట్రోలే, రెండు నెలలు నిలవున్నా ఏమీ కాదు.

వాస్తవం: పెట్రోలు నిలవుంటే తేలిక భాగం ఆవిరై, మిగిలింది జిగురు కడుతుంది. కార్బొరేటర్‌లోని జెట్ రంధ్రం సూది మొన అంత సన్నం. అందులో ఆ జిగురు కొంచెం పట్టినా నిదానంగా నడవాల్సినప్పుడు ఆగిపోతుంది, వేగం పెంచబోతే తడబడుతుంది.

పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అవుట్‌బోర్డ్ తయారీదారుల్లో చాలామంది 10 శాతం దాకానే ఒప్పుకుంటారు. కాబట్టి మీ మోటారు పుస్తకం ఏం చెబుతోందో తప్పక చూడండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు పరిమితి దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాంకులోని గొట్టం లాగేది సరిగ్గా ఆ అడుగునుంచే. టూ-స్ట్రోక్ ఇంజనుకు ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ అడుగు పొరలో ఆయిల్ ఉండదు.

ట్యాంకు అడుగునుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి, పావుగంట కదపకుండా ఉంచండి. కింద వేరే పొర కనిపించినా, మబ్బుగా ఉన్నా, పుల్లటి వాసన వేసినా అది వాడకూడదు. నిషేధం మొదలయ్యే ముందే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ అడుగు మర విప్పి చుక్క లేకుండా వంచేస్తే జూన్ నెల కష్టాల్లో సగం రావు.

అపోహ: టూ-స్ట్రోక్‌లో ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజనుకు అంత రక్ష.

వాస్తవం: 50:1 అని తయారీదారు చెబితే 50 లీటర్ల పెట్రోలుకు ఒక లీటరు ఆయిల్. అంతకంటే ఎక్కువైతే ప్లగ్గులు తడిసి నల్లబడతాయి, పిస్టన్ రింగుల్లో మసి పేరుకుంటుంది. కొత్త ఇంజను తొలి గంటల్లో మాత్రం పుస్తకంలో చెప్పినంత ఎక్కువ పోయాలి. బైకు 2టీ ఆయిల్ కూడా దీనికి సరిపోదు. నీళ్ళతో చల్లబడే ఈ ఇంజన్లకు టీసీ-డబ్ల్యూ3 గుర్తున్న ఆయిల్ కావాలి.

అపోహ: మిస్సింగ్ వస్తే కొత్త ప్లగ్గు వేస్తే సరి.

వాస్తవం: ప్లగ్గు చాలాసార్లు నేరస్థుడు కాదు, సాక్షి. విప్పి మొన చూడండి. లేత గోధుమ రంగు ఉంటే బాగుంది. నల్లగా, తడిగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువవుతోంది, లేదా నిప్పు పడటం లేదు. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంజను వేడెక్కుతోంది. రెండు సిలిండర్ల మోటారులో ఒక ప్లగ్గు పొడిగా, ఇంకొకటి తడిగా ఉంటే రెండింటినీ ఇటుదటు మార్చి నడిపి చూడండి. తడి ఆ ప్లగ్గు వెంటే వెళ్తే లోపం ప్లగ్గుది. తడి అదే సిలిండర్‌లో ఉండిపోతే కాయిల్, వైరు, ఉప్పు పట్టిన ప్లగ్గు క్యాపు చూడాలి. నడుస్తున్న ఇంజనులో క్యాపు చేత్తో పీకి చూడటం మాత్రం వద్దు, షాకు గట్టిగా కొడుతుంది.

అపోహ: పెట్రోల్లో కాస్త కిరసనాయిలు కలిపితే ఖర్చు తగ్గుతుంది, మోటారుకు తేడా తెలియదు.

వాస్తవం: కిరసనాయిలుతో నడిచేలా తయారైన మోటార్లు వేరు. వాటిలో కంప్రెషన్ తక్కువ. అవి పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరసనాయిలుకు మారతాయి. మామూలు పెట్రోలు మోటారుకు కిరసనాయిలు పోస్తే మంట అదుపు తప్పి 'టకటక' మని కొడుతుంది. చివరికి పిస్టన్ తలే కరిగిపోతుంది.

అపోహ: వెనక సన్నటి ధారగా నీళ్ళు వస్తున్నాయంటే ఇంజను చల్లగా ఉన్నట్టే.

వాస్తవం: ఆ ధార నీటి పంపు పనిచేస్తోందని చెబుతుంది. లోపలి దారులన్నీ ఉప్పు గడ్డకట్టకుండా ఉన్నాయని చెప్పదు. ధార ఆగిపోతే వెంటనే ఇంజను ఆపాలి. నీళ్ళు లాగే కింది జల్లెడకు ప్లాస్టిక్ సంచి చుట్టుకుందేమో, ధార వచ్చే రంధ్రంలో ఇసుక చేరిందేమో చూడాలి. పంపులోని రబ్బరు ఇంపెల్లర్ నీళ్ళతోనే చల్లబడుతుంది. ఒడ్డున నీళ్ళు లేకుండా కొద్ది క్షణాలు తిప్పినా దాని రెక్కలు కాలిపోతాయి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో లోపల కడగడం ఖర్చులేని మరమ్మతు.

అపోహ: ఇంజను అరుస్తోంది, తెప్ప కదలడం లేదంటే గేరు పోయినట్టే.

వాస్తవం: ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. రాయి తగిలినప్పుడు గేరు విరగకుండా అదే జారుతుంది. ఒకసారి జారితే ఆ తర్వాత లోపలి భాగం తిరుగుతుంది, రెక్కలు తిరగవు. బుష్ మీదా రెక్కలున్న హబ్ మీదా కలిసేలా ఒక గీత గీసి కాసేపు నడిపి చూస్తే గీత చీలిపోయి కనబడుతుంది.

అపోహ: నీళ్ళలో పడిన మోటారును ఎండలో ఆరబెడితే మళ్ళీ పనిచేస్తుంది.

వాస్తవం: ఉప్పునీళ్ళలో తడిసిన లోహానికి గాలి తగలగానే తుప్పు పరుగెత్తుకొస్తుంది. ముందు మంచినీళ్ళతో కడగాలి. తర్వాత ప్లగ్గులు విప్పి, లోపలి నీరు వంచి, ఆయిల్ పోసి, అదే రోజు స్టార్ట్ చేయించాలి. మెకానిక్ వచ్చేది రేపే అయితే మోటారును మంచినీళ్ళ తొట్టెలో ముంచి ఉంచడమే మేలు.

అపోహ: ఒడ్డున స్టార్టయింది కాబట్టి వేటకు సిద్ధం.

వాస్తవం: బరువు లేకుండా నడిచే ఇంజను తన లోపాలన్నీ దాచుకుంటుంది. మనుషులు ఎక్కి, తీరం కనిపించే దూరంలోనే పది నిమిషాలు పూర్తి వేగంతో, మరో ఐదు నిమిషాలు నిదానంగా నడిపి చూడాలి. జెట్ మూసుకున్నా, పెట్రోలు చాలకపోయినా, ప్లగ్గు తడుస్తున్నా చాలావరకు అక్కడే బయటపడుతుంది.

ఇంత చూసుకున్నా మోటారు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్గు స్పానర్, విడి బల్బు పైపు, స్టార్టర్ తాడు, లంగరు, లైఫ్ జాకెట్లు తెప్పలో ఉండాలి. సాయం కోసం కోస్ట్ గార్డ్ నంబరు 1554, వీహెచ్ఎఫ్ సెట్టు ఉంటే 16వ ఛానల్ తెప్పలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. మోటారు ఆగితే ముందు లంగరు వేయండి. తెప్ప కొట్టుకుపోకుండా నిలిచాకే ట్యాంకు మూత మీది మర దగ్గర్నుంచి ఒక్కొక్కటీ వరుసగా చూసుకోండి.