చదవకుండా పెట్టిన సంతకం

పేరుకు కొత్త దోహా. అల్ దోహా అల్ జదీదా అంటే అరబిక్‌లో అర్థం అదే. తీరా వెళ్లి చూస్తే నగరంలోని పాత పేటల్లో అదొకటి. ముషైరిబ్ కొత్త మేడల నుంచి మెట్రో ఎర్ర లైనులో ఒక్క స్టేషను. దిగితే పాత భవనాలు, టైలరు కొట్లు, కరక్ చాయ్ కప్పులు, గదికి నలుగురైదుగురు చొప్పున మనవాళ్లు.

ఆ శుక్రవారం నన్ను పిలిచింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు. గదిలో అందరూ పంచుకుని వాడే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌ను మంచం మీద పెట్టి, అదేదో కరిచేదైనట్టు కాస్త ఎడంగా నిలబడ్డాడు.

“అన్నా, దీన్ల పోలీసోళ్ల నోటీసులు వస్తున్నయే. నేనైతే ఏం తప్పు చెయ్యలే.”

తెర మీద కుడివైపు కింది మూలలో ఎర్ర డాలు బొమ్మ, పక్కన అరబిక్ అక్షరాలు. ఒకటి మూసేస్తే ఇంకొకటి. ఫోను కెమెరాతో తర్జుమా చేయిస్తే సంగతి తేలింది: మీ కంప్యూటరులో 5 వైరస్‌లున్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి. పోలీసులూ లేరు, వైరస్‌లూ లేవు. అది ప్రకటన. పంపినవాడికి ఇతనెవరో తెలియదు. ఇంటర్నెట్ చిరునామా ఖతార్‌ది కాబట్టి అరబిక్‌లో పంపాడు. ఇదే ల్యాప్‌టాప్ జగిత్యాలలో ఉంటే ఇదే బెదిరింపు ఇంగ్లీషులోనో హిందీలోనో వచ్చేది.

రెండు వారాల కింద క్రికెట్ మ్యాచ్ కోసం ఏదో ఉచిత సైటు తెరిచాడట. మొదట్లోనే ఒక చిన్న పెట్టె అడ్డం వచ్చింది. ల్యాప్‌టాప్ పాత యజమాని బ్రౌజరును అరబిక్‌లో పెట్టుకున్నాడు కాబట్టి అదీ అరబిక్‌లోనే. “నీలం బటన్ ఒత్తితేనే మ్యాచ్ వచ్చింది మరి” అన్నాడు. చదవలేని భాషలో అడిగినదానికి సరేననడం అతనికి కొత్త కాదు. గల్ఫ్‌లో దిగిన మొదటి వారంలో అలాంటి కాగితాల మీద ఎన్ని సంతకాలు పెట్టి ఉంటాడో.

యాడ్‌వేర్ అనే ఈ ప్రకటనల సాఫ్ట్‌వేర్ జాతి పుట్టిన దగ్గర్నుంచీ బతుకుతున్నది అలాంటి సంతకాల మీదే. వైరస్ చాలాసార్లు గోడ దూకి వస్తుంది. యాడ్‌వేర్ మాత్రం తలుపు తట్టి, మన చేత్తోనే గడియ తీయించుకుంటుంది.

దీని పూర్వీకుల్లో ఒకటి పాప్-అప్ కిటికీ. 1990ల నడుమ అమెరికాలో ట్రైపాడ్ అనే సంస్థ జనానికి ఉచితంగా వెబ్ పేజీలు ఇచ్చి, వాటి మీద ప్రకటనలు వేసి బతికేది. ఒక కార్ల కంపెనీ ప్రకటన తీసుకెళ్లి ఓ అశ్లీల పేజీ నెత్తిన పడింది. కంపెనీ గొడవ పెట్టింది. పేజీకీ ప్రకటనకూ సంబంధం లేనట్టు కనబడాలని, ప్రకటనను వేరే కిటికీలో తెరిచే కోడ్ రాశాడు ఈథన్ జుకర్‌మన్ అనే ఉద్యోగి. 2014లో అట్లాంటిక్ పత్రికలో వ్యాసం రాసి, ఉద్దేశం మంచిదేనంటూనే క్షమాపణ చెప్పుకున్నాడు. ఇంటర్నెట్ చరిత్రలో క్షమాపణ చెప్పినవాళ్లు తక్కువ కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు.

కిటికీ అయితే మూసేస్తే పోతుంది. తర్వాతి తరం కంప్యూటరులోనే కాపురం పెట్టింది. చిన్న చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లకు డబ్బు దారి కావాలి. ప్రకటన చూపించే ముక్కను తమ ప్రోగ్రాముకు తగిలిస్తే ప్రకటనల కంపెనీ డబ్బిస్తుంది. ఇందులో అన్యాయమేమీ లేదు, దినపత్రిక చేసేదీ అదే. చిక్కల్లా ఆ ముక్క తన రాక చెప్పకపోవడంలో ఉంది. 2000లో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామరు తన కంప్యూటరులో తనకు తెలియకుండా చేరిన అరియేట్ అనే ప్రకటనల ముక్కను పట్టుకున్నాడు. దాన్ని తీసేయడానికి ఆప్టవుట్ అనే చిన్న పనిముట్టు రాసి అందరికీ పంచాడు. స్పైవేర్ అనే మాట జనం నోట పడింది ఆ రోజుల్లోనే.

గేటర్ అనే ప్రోగ్రాము అయితే మరీ గడుసుది. పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుంటాను, ఫారాలు నింపిపెడతాను అంటూ ఇంట్లో చేరేది. మీరు ఒక పత్రిక సైటు తెరిస్తే, ఆ పత్రిక ప్రకటనల మీద తన ప్రకటన పరిచేది. ఎవరి అరుగు మీదో తన దుకాణం. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ ప్రచురణకర్తలతో సహా పలువురు 2002లో కోర్టుకెక్కారు. 2003లో రాజీ కుదిరింది. అదే ఏడాది కంపెనీ క్లారియా అని పేరు మార్చుకుంది, 2006లో ఆ వ్యాపారమే మానుకుంది. కోర్టులో గేటర్ వాదన ఏమయ్యుంటుందో మీరు ఊహించగలరు: వాడుకరే ఒప్పుకున్నాడు కదా!

కంపెనీ పోయినా కిటుకు పోలేదు, చేతులు మారింది. ఉచిత సాఫ్ట్‌వేరుతో జతచేసి ఎవరి ప్రోగ్రాము ఎక్కిస్తే వాళ్లు తలకింత అని చెల్లించే బజారు ఒకటి తయారైంది. 2016లో గూగుల్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ బజారులోకి తొంగిచూస్తే ధరల పట్టికే దొరికింది. దేశాన్ని బట్టి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు 10 సెంట్ల నుంచి డాలరున్నర దాకా. అలాంటి డౌన్‌లోడ్ ప్రయత్నాలు వారానికి 6 కోట్లకు పైగా జరుగుతున్నాయని లెక్క తేల్చారు.

అలాంటి ఇన్‌స్టలేషన్‌లు కొన్ని ఈ తమ్ముడి ల్యాప్‌టాప్‌లోనూ జరిగాయి. ముందు నోటిఫికేషన్ల సంగతి చూశాం. బ్రౌజరు సెట్టింగ్‌లలో, సైట్ల అనుమతుల కింద, నోటిఫికేషన్లకు ‘అలో’ అన్న సైట్ల జాబితా ఉంటుంది. సైటు మూసేశాక కూడా కబురు పంపే ఈ సదుపాయం క్రోమ్‌కు 2015లో వచ్చింది. కొత్త మెయిలు వస్తే చెప్పడానికి మంచి ఏర్పాటే. మోసగాళ్లు దాన్ని వీడియో చూడాలంటే అలో నొక్కు, నువ్వు రోబో కాదని రుజువు చేయాలంటే అలో నొక్కు అనే స్థాయికి దించారు. జాబితాలో ఇరవైకి పైగా పేర్లున్నాయి. తమ్ముడికి తెలిసినవి రెండే. మిగతావి తీసేయగానే ఎర్ర డాళ్లు ఆగిపోయాయి. “గంతేనా?” అన్నాడు.

గంతే కాదు. బ్రౌజరు తెరిస్తే ఇంకా ఎవరిదో వెతుకులాట పేజీ వస్తోంది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితా తీసి, ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం పేర్చాను. నేను ఎక్కువగా నమ్మే కిటుకు ఇదే. ఒక ఉచిత వీడియో ప్లేయరు, అదే తేదీన పేరూ ఊరూ లేని మరో మూడు ప్రోగ్రాములు. పెళ్లికి ఒకర్ని పిలిస్తే వెంట ముగ్గురొచ్చినట్టు. ప్లేయరు ఎక్కించేటప్పుడు ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుకుంటూ పోయాడు. ‘కస్టమ్’ అన్న దారి పట్టి ఉంటే ముందే టిక్కు పెట్టి ఉంచిన ఆ ముగ్గురూ కనబడేవాళ్లు.

నాలుగింటినీ తీసేశాం. తీసేటప్పుడూ జాగ్రత్త కావాలి. ‘ఉంచు’ అన్న బటన్ పెద్దగా, ‘తీసెయ్’ అన్నది బూడిద రంగులో ఓ మూలన పెట్టడం వీటికి అలవాటు. తర్వాత బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లు. ఒకదానికి ‘రిమూవ్’ బటనే లేదు, దీన్ని మీ సంస్థ నిర్వహిస్తోంది అని రాసి ఉంది. నలుగురు కూలి చేసుకునే గదిలో సంస్థ ఎక్కడిది? ఆఫీసు కంప్యూటర్లను కట్టడి చేయడానికి పెట్టిన పాలసీ ఏర్పాటును యాడ్‌వేర్ తనకు కవచంగా తొడుక్కుంది. చేత్తో తీయడం కష్టం కాబట్టి మాల్వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూ క్లీనర్‌ను, ఆ కంపెనీ సొంత సైటు నుంచే దించి, నడిపాను. పాలసీ పోయింది. రోజూ పొద్దున ఆ వెతుకులాట పేజీని మళ్లీ పెట్టడానికి టాస్క్ షెడ్యూలర్‌లో అది వేసుకున్న పని కూడా బయటపడింది. చివరికి డెస్క్‌టాప్ మీది బ్రౌజరు షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే, టార్గెట్ గడిలో బ్రౌజరు దారి చివర ఒక వెబ్ చిరునామా తోకలా వేలాడుతోంది. ఆ తోక కోసేశాక గానీ పేజీ మారలేదు.

సొంత సైటు నుంచే అని నొక్కి చెప్పడానికి కారణముంది. యాడ్‌వేర్ తీయడమెలా అని వెతికేవాడే ఆ బజారుకు మంచి గిరాకీ. వెతుకులాటలో అన్నిటికన్నా పైన, స్పాన్సర్డ్ అన్న ముద్రతో కనబడేది ఒక్కోసారి నకిలీ క్లీనరే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఇదంతా ప్రకటనల చికాకే కదా అని వదిలేసేవాళ్లకు 2015లో బయటపడ్డ సంగతి చెప్పాలి. లెనోవో కంపెనీ కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామును తానే ఎక్కించి అమ్మింది. తాళం గుర్తున్న సురక్షిత పేజీల్లోనూ ప్రకటనలు దూర్చడానికి అది కంప్యూటరులో తన సొంత ధ్రువపత్రాన్ని నమ్మదగినదిగా నాటింది. రిజిస్ట్రారు ఆఫీసు ముద్రకు నకలు చేసుకున్నట్టన్న మాట. పైగా అన్ని యంత్రాల్లోనూ ఒకే ముద్ర. రాబర్ట్ గ్రాహం అనే భద్రతా నిపుణుడు దాని పాస్‌వర్డ్‌ను కొన్ని గంటల్లో లాగేశాడు. ఆ ముద్ర చేతికొచ్చినవాడు అదే వైఫైలో కూర్చుని బ్యాంకు పేజీని కూడా నటించగలడు. జీతం పడగానే ఎక్స్‌చేంజ్ ఖాతాలోంచి ఇంటికి డబ్బు పంపే గదిలో ఇది చిన్న మాట కాదు. అందుకే శుభ్రం చేశాక తమ్ముడి చేత పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాను.

సమ్మతి లేకుండా ప్రకటన సందేశాలు పంపకూడదని ఖతార్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2016 నాటి 13వ నంబరుది, చెబుతూనే ఉంది. కానీ ఎక్కడో కూర్చుని పంపేవాడి దగ్గర నీలం బటన్ నొక్కిన రికార్డు ఉంది. మన దేశంలో 2017 నుంచి సైబర్ స్వచ్ఛతా కేంద్రం శుభ్రం చేసే పనిముట్లు ఉచితంగా ఇస్తోంది. సెలవుకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో కంప్యూటరుకు పనికొస్తాయి.

వచ్చేముందు చేసినవి కొన్ని. బ్రౌజరు భాష అరబిక్ నుంచి తెలుగుకు మార్చాను. విండోస్ సెక్యూరిటీలో అక్కర్లేని యాప్‌లను ఆపే మీట వేశాను. నోటిఫికేషన్లు అడిగే హక్కే సైట్లకు లేకుండా చేశాను. అందరూ అడ్మిన్‌గా వాడుతున్న ఒకే ఖాతా స్థానంలో నలుగురికీ మామూలు ఖాతాలు తెరిచాను. కొత్త ప్రోగ్రాము ఎక్కాలంటే ఇప్పుడు పాస్‌వర్డ్ కావాలి, అది ఒక్కడి దగ్గరే ఉంది. మొదటి వారం గదిలో అతనితో గొడవ పడ్డారట.

మీ బ్రౌజరులోనూ ఆ నోటిఫికేషన్ల జాబితా ఒకటుంది. ఈ రాత్రి తెరిచి, ఎప్పుడు సరేనన్నారో గుర్తులేని పేర్లన్నీ తీసేయండి. రెండు నిమిషాల పని.